తోట కొట్టేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ ఒకే విషయం మీద వచ్చాయి. తాతల నాటి కలగలుపు తోటను ఉంచాలా, తీసేసి ఒకే పంట వేయాలా అని. ఏలూరు మెట్ట నుంచి, ఖమ్మం నుంచి, పాడేరు, సీతంపేట కొండల నుంచి, ఉద్దానం నుంచి రాశారు. ఊరు మారితే లెక్క మారుతుంది కాబట్టి ఒక్కొక్కరికి విడిగానే జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా మెట్ట. నాలుగెకరాల పాత తోట. మామిడి, పనస, జీడిమామిడి, చింత, గట్ల మీద తాడి చెట్లు. బోరు ఒకటే. చుట్టూ అంతా పామాయిలే. గుత్త డబ్బులు తప్ప మాకు వేరే రాబడి లేదు. నాన్నగారు చెట్టు మీద చెయ్యి వేయనివ్వడం లేదు. కొట్టేసి పామాయిల్ వేయమంటారా?

జవాబు: ముందు మీ బోరును అడగండి. కాపుకొచ్చిన పామాయిల్ చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 250 లీటర్ల దాకా నీళ్లు కావాలి. 9 మీటర్ల త్రికోణం పద్ధతిలో ఎకరాకు 57 మొక్కలు పడతాయి. అంటే ఎకరాకు రోజుకు 14 వేల లీటర్ల పైచిలుకు, నాలుగెకరాలకు 57 వేలు.

మే నెలలో, పక్క బోర్లన్నీ ఆడుతున్నప్పుడు, 200 లీటర్ల డ్రమ్ము ధార కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు 10 వేల లీటర్లు వస్తున్నట్టు. అదే ధార ఆరు గంటలు నిలిస్తే నాలుగెకరాలకూ చాలుతుంది. మోటారు వేసిన మొదటి అరగంటలో కొలిచి సంబరపడొద్దు. మూడు గంటలు ఆడాక మళ్లీ డ్రమ్ము పెట్టండి. అప్పుడు వచ్చిన లెక్కే అసలు లెక్క.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నీళ్లు చాలకపోయినా పామాయిల్ ఎండిపోదు, పచ్చగానే కనిపిస్తుంది. మొవ్వులో తయారయ్యే పూగుత్తి ఆడదో మగదో కోతకు దాదాపు రెండేళ్ల ముందే తేలిపోతుంది. ఆ సమయంలో ఎద్దడి తగిలితే మగ గుత్తులు ఎక్కువవుతాయి, కొన్ని గుత్తులు లోపలే మాడిపోతాయి. ఈ వేసవిలో నీళ్లు తగ్గించిన ఫలితం రెండేళ్ల తర్వాతి కోతలో కనపడుతుంది. అప్పటికి రైతుకు ఆ వేసవి గుర్తుండదు, నర్సరీ మొక్కనో ఎరువునో తప్పుపడతాడు.

ఇక డబ్బు సంగతి. నాటిన మూడో ఏడు దాటేదాకా అమ్మదగ్గ గెల రాదు. తొలి రెండున్నరేళ్లు వచ్చిన పూగుత్తులను నెలనెలా తీసేయాలి, లేకపోతే కాండం లావెక్కదు. ఆ మూడేళ్లు ఇల్లు అంతరపంటతో నడవాలి. అరటి, మొక్కజొన్న, కూరగాయలు వేసుకోవచ్చు. మొక్క చుట్టూ ఉన్న పాదులోకి మాత్రం పంట రాకూడదు. చాలామంది అరటికి ఎండ తగలాలని పామ్ మట్టలు నరుకుతారు, లేదంటే పైకి ఎత్తి కట్టేస్తారు. ఆ మట్టలే మొక్కకు వంట చేసిపెట్టేవి. వాటిని కోస్తే కాపు ఏడాది వెనక్కి పోతుంది.

కాపుకొచ్చాక చెట్టుకు ఏడాదికి యూరియా 2.6 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 3.75 కిలోలు, పొటాష్ 2 నుంచి 3 కిలోలు, మెగ్నీషియం సల్ఫేట్ అర కిలో, బోరాక్స్ 100 గ్రాములు వేయాలి. దీన్ని మూడు నాలుగు దఫాలుగా పంచి వేసుకోండి. ఎకరాకు లెక్కేస్తే యూరియా ఒక్కటే 150 కిలోలు. మీ పాత తోటకు ఇన్నేళ్లూ ఒక్క బస్తా కూడా వేసి ఉండరు. పామాయిల్ ఆదాయాన్ని గుత్త డబ్బుతో పోల్చేటప్పుడు ఈ ఖర్చు తీసేశాకే పోల్చండి.

గుత్త సంగతీ ఒకసారి చూడండి. పూత మీద గుత్తకిస్తే కాపు ఎంత బాగున్నా మీకు అదే డబ్బు. వచ్చే ఏడాది కాయ కట్టాక బేరం పెట్టండి. చింతను, పనసను మామిడి గుత్తలో కలపకుండా విడిగా అమ్మండి. నోటు పుస్తకంలో చెట్టుకో గీత గీసి ఏ చెట్టు ఏమిచ్చిందో ఏడాది పాటు రాయండి. ఇంట్లోకి వాడుకున్న ఊరగాయ కాయ, చింతపండు, పుల్లలు, పశువులకు కొట్టిన రొట్ట కూడా ధర కట్టి రాయాలి. ఏమీ ఇవ్వని చెట్లు ఏవో అప్పుడు తేలుతుంది.

బోరు రెండెకరాలకే చాలితే రెండెకరాలే మార్చండి. బోరుకు దగ్గరగా, లోతు నేల ఉన్న చెక్క పామాయిల్‌కు, గరప నేల పాత చెట్లకు. పాత చెట్ల మధ్య ఖాళీల్లో మాత్రం పామాయిల్ పెట్టొద్దు. నీడలో అది ఎండ కోసం సన్నగా పైకి సాగుతుంది, గెలలు పట్టవు. మీ నాన్నగారు, మీరు ఇద్దరూ ఒప్పుకునే దారి ఇదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. కలగలుపు తోటల విలువ తెలియకే రైతులు వాటిని కొట్టేస్తున్నారని పాఠంలో చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ విలువ రైతుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ తోటలో పనికి మనుషులు లేరు, సరుక్కి కొనేవాడు లేడు, దాని పేరు రాసుకునే కాగితం లేదు. కొట్టేయడానికి కారణాలు ఇవి.

మనుషుల సంగతి చూడండి. కలగలుపు తోటలో ప్రతి చెట్టుకూ వేరే పనితనం కావాలి. కొబ్బరి దింపేవాడు చింత దులపడు, చింత దులిపేవాడు తాడి ఎక్కడు. దింపు పని చేసే మనుషులు ఊళ్లలో తగ్గిపోయారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే తోటలో రోజూ ఉండి రాలిన కాయ ఏరేదెవరు? పామాయిల్ అయితే 10–15 రోజులకోసారి కోత ముఠా వస్తుంది, గెలలు ట్రాక్టరెక్కుతాయి, డబ్బు బ్యాంకులో పడుతుంది. వేరే ఊళ్లో ఉన్నవాడు కూడా నడుపుకోగలడు.

అమ్మకం ఇంకో చిక్కు. నాలుగు రకాల మామిడి చెట్లు నాలుగేసి ఉంటే ఏ రకమూ ఒక లారీకి చాలదు. 40 పనసకాయల కోసం వ్యాపారి బండి తిప్పడు. అదే పామాయిల్‌లో ఫలానా మండలాల గెలలు ఫలానా ఫ్యాక్టరీ కొనాలని 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం జోన్లు ఉన్నాయి. నచ్చిన చోట అమ్ముకునే వీలు పోయినా, కొనేవాడు లేడన్న భయం కూడా పోయింది. చిన్న రైతుకు ఆ రెండోదే పెద్దది.

కాగితం గురించి పాఠాల్లో తక్కువ చెబుతారు. బ్యాంకు అప్పు పరిమితి పంటవారీగా ఉంటుంది. బీమా నోటిఫై చేసిన పంటకే వస్తుంది. పదమూడు రకాల చెట్లున్న ఎకరాన్ని ఏ పంట కింద రాయాలి? చివరికి జీడి అనో మామిడి అనో ఒక్కటి రాస్తారు, మిగతావి లెక్కలో ఉండవు. పామాయిల్ సాగు పెంచడానికి 2021 ఆగస్టులో మొదలైన వంటనూనెల జాతీయ మిషన్‌కు 11,040 కోట్లు కేటాయించారు. మొక్కల సాయాన్ని హెక్టారుకు 12 వేల నుంచి 29 వేలకు పెంచారు. అంతరపంటకూ పోషణకూ నాలుగేళ్లు వేరే సాయం ఉంది. మన దేశం 2014లోనే వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన పథకాలు కొత్త మొక్క నాటితే డబ్బిస్తాయి. ఉన్న పాత తోటను నిలబెట్టుకున్న రైతుకు ఏదైనా అందడం అరుదు. ఇది అన్యాయమని మేం గట్టిగా నమ్ముతున్నాం.

కోతులు కూడా కారణమే, తేలిగ్గా తీసుకోవద్దు. తెలంగాణలో చాలా ఊళ్లలో జామ, మామిడి, కూరగాయలు వదిలి పామాయిల్ వైపు చూడటానికి ఇది ముఖ్య కారణం. అయితే లేత పామ్ మొవ్వును అడవిపందులు తవ్వి తింటాయి. తొలి రెండేళ్లు కంచె తప్పదు.

ప్రశ్న: ఖమ్మం జిల్లా నుంచి రాస్తున్నాను, మూడెకరాల పామాయిల్ ఉంది. ఇండోనేషియాలో మాలాంటి చిన్న రైతులు ఇంతకుముందు రబ్బరు అడవులు పెంచేవారట. వాళ్లెందుకు మారారు? అక్కడ ఏదో జరిగితే మా గెల ధర ఎందుకు ఊగుతుంది?

జవాబు: సుమత్రా దీవిలో జాంబి అనే రాష్ట్రం ఉంది. అక్కడి రైతులు మన కొండపోడు లాగే అడవి కొట్టి కాల్చి మెట్ట వరి వేసేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు విత్తనం వాళ్ల చేతికొచ్చింది. వరి చల్లే చోటే రబ్బరు మొక్కలూ నాటారు. ఒకటి రెండు పంటలు వరి కోసుకుని నేల వదిలేసేవారు. అడవి మళ్లీ లేచేది, రబ్బరు దానితో పాటే పెరిగేది. ఎనిమిది పదేళ్ల తర్వాత బాట చేసుకుని లోపలికెళ్లి రబ్బరు పాలకు గాటు పెట్టేవారు. చూడటానికి అడవి, లోపల తోట. దురియన్ పండు, పెతాయి అనే చిక్కుడు జాతి కాయలు, పేము, ఇంటి కలప అన్నీ అందులోనే దొరికేవి. చెట్టు చచ్చిన చోట ఇంకో మొక్క గుచ్చేవారు. దాన్ని సిసిపాన్ అంటారు. తోట మొత్తం ఒక్కసారి కొట్టి మూడేళ్లు పస్తుండే పని లేకుండా సాగిపోయేది.

అంత బాగున్నదాన్ని ఎందుకు వదిలారు? ఒక్క దెబ్బతో జరిగింది కాదు. విత్తనం నుంచి పెరిగిన ఆ రబ్బరు హెక్టారుకు ఏడాదికి 500–600 కిలోల ఎండు రబ్బరు ఇచ్చేది. అంటు కట్టిన క్లోను చెట్లు 1,500 కిలోలు దాటాయి, అవీ ఐదారేళ్లకే పాలకొచ్చాయి. కానీ క్లోనుకు కలుపు తియ్యాలి, ఎరువెయ్యాలి, చుట్టూ అడవి లేవనివ్వకూడదు. అలా మొదటి మార్పు రబ్బరు అడవి నుంచి రబ్బరు తోటకే జరిగింది.

తర్వాత పామాయిల్ వచ్చింది. 1980ల నుంచి ప్రభుత్వం జావా దీవి కుటుంబాలను తెచ్చి కంపెనీ ఎస్టేట్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఎస్టేటును ఇంతి అంటారు, చుట్టూ ఉన్న రైతుల చెక్కలను ప్లాస్మా అంటారు. కుటుంబానికి రెండు హెక్టార్లు, అంటే మనకు ఐదెకరాలు. నాటడానికైన అప్పును గెలల డబ్బులోంచి కోసుకునేవారు. అప్పు తీరాక పట్టా చేతికొచ్చేది. పక్కనే రబ్బరు అడవి ఉన్న పాత ఊళ్లవాళ్లు మొదట ఊరికే చూశారు. ఆ కాలనీలకు రోడ్డు వచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది, ఇళ్లు పక్కావయ్యాయి. దళారి ఇచ్చిన బదులు తీరక, అతను చెప్పిన రేటుకే రబ్బరు దిమ్మలు తోలుతున్న రైతుకు ఆ పట్టా ఎలా కనపడి ఉంటుందో మీరే ఊహించండి.

కూలి లెక్క అన్నిటికన్నా బలమైనది. రబ్బరుకు తెల్లవారుజామున లేచి, చెట్టు చెట్టుకూ తిరిగి, పలచని గాటు పెట్టి, చిప్ప సరిచేసి, మళ్లీ వచ్చి పాలు పోగేయాలి. వారంలో నాలుగైదు రోజులు ఇదే పని. వానొస్తే గాటు లేదు, ఆ రోజు ఆదాయమూ లేదు. జాంబిలో వానలు ఎక్కువే. పామాయిల్‌కు నెలకు రెండు కోతలు. ఎకరా లెక్క పక్కనబెట్టి, పెట్టిన ఒక్కో పనిరోజుకు ఎంత మిగిలిందో చూస్తే పామాయిల్ ముందుంది. భూమి ఉండి మనుషులు తక్కువైన ఇల్లు ఆ లెక్కే చూసుకుంటుంది. పైగా రబ్బరు ధర 2011 ఫిబ్రవరిలో కిలో 5 డాలర్లు దాటి, 2015 చివరికి ఒకటిన్నర డాలరు కిందికి జారింది. ఊగిసలాడుతున్నవాళ్లు అప్పుడు రంపం పట్టారు.

కొట్టాక పోయినవి తర్వాత తెలిశాయి. గెల 24 గంటల్లో ఫ్యాక్టరీ చేరకపోతే పులుపెక్కుతుంది. రబ్బరు దిమ్మలైతే ధర లేనప్పుడు వారాల తరబడి దాచుకోవచ్చు, లేదా గాటే ఆపేయవచ్చు. పామాయిల్ ఆగదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది, మే 23 దాకా తెరవలేదు. ఫ్యాక్టరీల ట్యాంకులు నిండాయి, గెల ధర కూలింది, ముందుగా తిరగ్గొట్టింది చిన్న రైతుల లోడ్లనే. కొంత రబ్బరు ఉంచుకున్న ఇళ్లకు ఆ వారాల్లో అదే చెయ్యి ఆడించింది.

బుంగో జిల్లాలో లుబుక్ బెరింగిన్ అనే ఊరికి 2009లో, ఆ దేశంలోనే మొదటిసారి, ఊరి పేరు మీద అడవి హక్కు ఇచ్చారు. చేతిలో కాగితం ఉంటే అడవిని ఉంచుకోవాలనుకునే ఊళ్లు కూడా ఉన్నాయన్నమాట.

మీ గెల ధర విషయానికొస్తే, దాన్ని ముడి పామాయిల్ ధర, ఫ్యాక్టరీలో వచ్చిన నూనె శాతం కలిపి కడతారు. ముడి నూనె ధర బయటి దేశాల్లో తేలుతుంది. ఇండోనేషియా ఎగుమతి ఆపిన 2022 వేసవిలో మన దగ్గర టన్ను గెలలు 20 వేలు దాటాయి, తర్వాత 13 వేల దరిదాపులకు పడ్డాయి. ఢిల్లీలో దిగుమతి సుంకం మార్చినా మీకు తగులుతుంది. ముడి నూనెల మీద 2024 సెప్టెంబరులో 20 శాతం ప్రాథమిక సుంకం వేశారు, 2025 మే చివర్లో 10కి దించారు. మూడెకరాలూ గెల మీదే ఉంటే ఈ ఊపు మొత్తం మీ ఇంటిదే. చెట్లు ఎనిమిది పదేళ్లు దాటి కింద వెలుతురు పడుతుంటే వరుసల మధ్య కోకో వేసుకోవచ్చు, కాండాల మీదికి మిరియం పాకించవచ్చు. కోకో ధరా ఊగేదే. కానీ రెండూ ఒకే రోజు ఊగవు.

ప్రశ్న: పాడేరు దగ్గర రెండెకరాల కాఫీ. పాత తోటలో పనస, మామిడి, జీలుగు, మద్ది నీడ. కొత్తగా వేసినవాళ్లంతా సిల్వర్ ఓక్ ఒక్కటే పెడుతున్నారు. మేమూ పాతవి తీసేయాలా?

జవాబు: తీయొద్దు. సిల్వర్ ఓక్‌ను ఎందుకు ఇష్టపడతారో మాకు తెలుసు. నర్సరీ మొక్క సులువుగా దొరుకుతుంది, నిటారుగా పెరుగుతుంది, మిరియం ఎక్కుతుంది, రేపు కలపకు పనికొస్తుంది. కర్ణాటకలోని కొడగులో ఇంకో కారణం ఉంది. అక్కడ కొన్ని రకాల భూముల్లో అడవి చెట్టు మీద హక్కు ప్రభుత్వానిది, కొట్టాలంటే అనుమతులు కావాలి. సిల్వర్ ఓక్‌కు ఆ బాధ లేదు. దాంతో రైతులు అడవి చెట్లు పోయిన చోటల్లా అదే నాటుతూ పోయారు. చెట్టును కాపాడాలని పెట్టిన నిబంధన వల్లే అడవి చెట్టు రైతుకు అక్కరలేనిదైపోయింది. మన దగ్గర కూడా పనస, మద్ది కొట్టే ముందు అటవీ రేంజి కార్యాలయంలో అడిగి, చెప్పింది కాగితం మీద తీసుకోండి.

కాఫీకి కావలసింది చెదురు నీడ. నేల మీద పడే వెలుగు, నీడ సగం సగంగా కదులుతూ ఉండాలి. సిల్వర్ ఓక్ తల సన్నం. అది ఒక్కటే ఉన్న తోటలో మధ్యాహ్నం ఎండ నేరుగా కాఫీ కాండం మీద పడుతుంది. కాండం తొలిచే తెల్ల పురుగు తల్లి వెతుక్కునేది ఎండ పడే ఆ బెరడునే. పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పట్టిన మొక్క ఆకులు పసుపెక్కి వాలతాయి, కాండం మీద ఉబ్బిన గీతలు తేలతాయి. చీల్చి చూస్తే లోపల దారంతా పొట్టు కూరినట్టు గట్టిగా ఉంటుంది. మందు ఆ పొట్టు దాటి లోపలికి పోదు. అందుకే పీకి కాల్చడం తప్ప వేరే దారి లేదు. తల్లి పురుగులు ఏప్రిల్–మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఎగురుతాయి. వాటికి ముందే, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, పట్టిన మొక్కలు ఏరెయ్యాలి. మిగతా మొక్కల కాండం మీద లేచిన బెరడును గోనెగుడ్డతో రుద్ది తీసి, 200 లీటర్ల నీళ్లకు 20 కిలోల సున్నం కలిపి కాండానికీ లావు కొమ్మలకూ పూయండి.

ఎకరాకు నీడ చెట్లు 70–80 ఉంటే చాలు. మీ పాత చెట్లు 20–25 ఉన్నాయనుకుంటే వాటిని ఉంచి, ఎండ పడే ఖాళీల్లో మాత్రమే 50 దాకా సిల్వర్ ఓక్ పెట్టండి. నీడ మరీ చిక్కగా ఉందనిపిస్తే చెట్టు తీయకుండా తొలకరికి కింది కొమ్మలు నరకండి. చిక్కటి నీడలో కాఫీ పూత తగ్గుతుంది, కాయ కుళ్లుతుంది, మీ పొరుగువాళ్ల ఫిర్యాదు అక్కడే మొదలై ఉంటుంది.

మిరియం పనస మీదా మామిడి మీదా బాగానే ఎక్కుతుంది. గరుకు బెరడు దానికి మంచి పట్టు. చెట్టుకు ఉత్తరం వైపు, మొదలుకు ఒక అడుగు దూరంలో అడుగున్నర గుంట తీసి రెండు తీగలు పెట్టండి. పడమటెండ తగిలే వైపు వద్దు. ఏజెన్సీలో మిరియం పోయేది ఎక్కువగా వానాకాలపు ఎండు తెగులుతోనే. గుంటలో నీళ్లు నిలవకూడదు. తొలకరి ముందు 1 శాతం బోర్డో మిశ్రమంతో మొదలు తడపండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. మైలుతుత్తం ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపాలి, ఇనప పాత్ర వాడొద్దు.

ఇంకొక్కటి. 2025 ఆగస్టులో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనబడింది. కాయ కొనన సూది గుచ్చినంత చిల్లు ఉంటే అదే. కోత అయ్యాక చెట్టు మీద ఒక్క కాయ, కింద ఒక్క కాయ మిగలకుండా ఏరండి. పట్టిన కాయను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి ఆరబెట్టండి. పక్క ఊరి గోనెసంచులు తెచ్చుకోవద్దు.

ప్రశ్న: సీతంపేట వైపు కొండపోడులో ఇదివరకు సామ, రాగి, కంది కలిపి వేసేవాళ్లం, మధ్యలో ఇప్ప, ఉసిరి, చింత ఉండేవి. ఇప్పుడంతా జీడే. కింద ఏమీ మొలవడం లేదు.

జవాబు: జీడి చెట్టు ఉంటే ఆ నేల మీ సొంతమేనని చూపించుకోవడానికి ఆధారం. ఏటా కొట్టి కాల్చే పని తప్పింది, వేసవిలో ఒక్కసారి చేతికి డబ్బు వస్తుంది. అందుకే ఊళ్లకు ఊళ్లు మారాయి. తిండిగింజ మాత్రం బజారు నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

15 అడుగులకో చెట్టు పెట్టి ఉంటే ఎకరాకు 193 ఉంటాయి. పదేళ్లకు కొమ్మలు అల్లుకుని లోపల చీకటైపోతుంది, కాయ పైన మాత్రమే పడుతుంది. ఐమూలగా చెట్టు విడిచి చెట్టు తీసేస్తే 97 మిగులుతాయి, చెట్టుకూ చెట్టుకూ 21 అడుగుల ఎడం వస్తుంది. తీయడానికి ముందు రెండు కాపులు చూసి, తక్కువ కాసేవాటికి సున్నం గుర్తు పెట్టుకోండి. మొదలు దగ్గర బంక, రంపపు పొట్టు కనపడినవి వేరు తొలిచే పురుగు పట్టినవి, అవే ముందు పోవాలి. వెలుతురు పడిన చాళ్లలో వాలుకు అడ్డంగా అనాస, పసుపు వేసుకోండి. రాగి, సామలకు నిండు ఎండ కావాలి. వాటికి విడిగా చెక్క ఉంచాలి తప్ప జీడి కింద పండవు.

ప్రశ్న: ఉద్దానం, కవిటి మండలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు కొబ్బరి, పనస, జీడి చాలావరకు పోయాయి. కొంత మళ్లీ వేశాం. ఇంకా ఎకరన్నర ఖాళీ. సరుగుడు వేస్తే నాలుగేళ్లకు డబ్బంటున్నారు. పాతలాగే కలిపి వేయాలా?

జవాబు: సరుగుడుకు పెట్టుబడి తక్కువ, మూడు నాలుగేళ్లకు డబ్బు ఒకే మొత్తంగా వస్తుంది. మధ్యలో ఏమీ రాదు. మీ ఇంటికి నెలనెలా చేతిలో ఆడే డబ్బు కొబ్బరే ఇచ్చింది. అందుకని సరుగుడును గాలి వచ్చే వైపు గట్టున మూడు వరుసలు పెట్టండి. లోపలి తోటకు అది గోడ. నరికేటప్పుడు మూడు వరుసలూ ఒకేసారి నరకొద్దు.

లోపల కొబ్బరి 25 అడుగుల ఎడంతో ఎకరాకు 69 మొక్కలు పడతాయి. అన్నీ కొబ్బరే పెట్టక, ప్రతి నాలుగో వరుసలో ఒకటి విడిచి ఒకటి పనస పెట్టండి. జీడిని చివరి వరుసలకు, ఇసుక ఎక్కువున్న చోటికి తోయండి. దాని కొమ్మ పక్కకు పాకి కొబ్బరి మొక్క ఎండను మింగేస్తుంది. మొదటి ఐదారేళ్లు కంద, కూరగాయలు, అరటి వేసుకోవచ్చు. ఎనిమిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా నీడ చిక్కబడి కింద పంటలు సరిగా రావు. ఆ కాలానికి పనస, జీడి అక్కరకొస్తాయి.

నాటే ముందు ఒక పని ఉంది. తిత్లీ నాటి కొబ్బరి మోళ్లు, మొద్దులు ఎక్కడైనా మిగిలాయా చూడండి. కుళ్లిన మొద్దు చీలిస్తే చిటికెన వేలంత తెల్ల పురుగులు సున్నాలా చుట్టుకుని కనిపిస్తాయి. అవి కొమ్ము పురుగు పిల్లలు. అవి రెక్కలొచ్చి లేత మొవ్వును తొలుస్తాయి, ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. మొద్దులు చీల్చి ఎండబెట్టి కాల్చండి. పెంట గుంటను రెండు నెలలకోసారి తిరగేయండి. కొత్త మొక్క మొవ్వు పక్క మట్ట సందుల్లో మూడు నాలుగు నాఫ్తలీన్ గోళీలు పెట్టి, 45 రోజులకోసారి మార్చండి.

పాత చెట్ల మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతుంటే అది గానోడెర్మా అనే బూజు తెగులు. ఆ చెట్టు పోయిన చోట వేళ్లతో సహా తవ్వి తీయకుండా కొత్త కొబ్బరి పెట్టొద్దు, పామాయిల్ అసలే వద్దు, రెండింటికీ ఆ తెగులు వస్తుంది. జబ్బు చెట్టుకు నాలుగడుగుల దూరంలో రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తవ్వి వేర్లు తెంపండి. చుట్టుపక్కల మంచి చెట్లకు ఏడాదికి ఐదు కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు బూజు) కలిపి పాదులో వేయండి. నేల తడిగా ఉన్నప్పుడే వేయాలి, ఎండు ఇసుకలో అది బతకదు. తవ్విన గుంటను వేసవంతా ఎండకు వదిలి, తొలకరి పడ్డాక అందులో పనస మొక్క పెట్టుకోండి.